ఎనభై ఏడు పదిహేను

లోకమంతా కూడబలుక్కుని దానికి పెట్టిన పేరు ఒక అంకె.
ఎనభై ఏడు, పదిహేను.
ఏ రేవులో దిగినా, ఏ భాషలో కేకేసినా
పసిపిల్లల బండి అంటే అదే.
పెట్టెతో వచ్చే కాగితాల మీద ఉంటుంది.
నాకు ఇంగ్లీషు రాదు, అంకెలొచ్చు.

నింగ్బోలో ఓడెక్కి
సింగపూర్‌లో ఓడ మారి
విశాఖ రేవులో పదకొండు రోజులు ఎండకి మగ్గి
రాత్రికి రాత్రి లారీలో వచ్చి
శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌ పక్క సందులో
మా షావుకారు దుకాణం ముందు దిగుతాయి.
పెట్టెకో బండి, ముక్కలు ముక్కలుగా:
చక్రాలు, ఇరుసులు, ముడుచుకున్న గొడుగు,
నడుం పట్టీ, పన్నెండు మరలు.
పన్నెండని బొమ్మలో ఉంటుంది. ఉండేవి పదకొండే.
పన్నెండోది నా పాత రిక్షా డబ్బాలోంచి వేస్తాను.
ఆ మర ఏ దేశం లెక్కలోనూ ఎక్కదు.

ముప్పయ్యేళ్లు రిక్షాలు బిగించినవాణ్ణి.
రిక్షాలు పోయాయి. చేతులు మిగిలాయి.

"ఓలమ్మా, గుంటడికి బండేటి, నీకు సంక లేదేటి?"
ఆమదాలవలస ముసలమ్మ పడీపడీ నవ్వుతుంది.
కోడలు పలకదు.
గొడుగు తెరుస్తుంది, మూస్తుంది, మళ్లీ తెరుస్తుంది.
ఆరు వేల నాలుగొందలు.
అందులో ఓడ కిరాయెంత, సుంకమెంత, తనకెంత
అదంతా షావుకారు వేలి కణుపుల మీద ఉంటుంది.

ధరంటే గుర్తొచ్చింది.
నా ధర గుప్పెడు తవుడు.

నాకు ముందు ముగ్గురు పుట్టి పోయారు.
నన్ను చేటలో పడుకోబెట్టి
గడప దాటించి అమ్మేసింది మా అమ్మ.
కొన్నది పక్కింటి ఆదెమ్మ.
"ఈడు నీ కొడుకు కాడే, నావోడు. నువ్వు ఊరికే పెంచు"
అని పొద్దుగూకేలోగా తిరిగి అప్పగించిందట.
చావొచ్చి అడిగితే చూపించడానికి
ఆ తవుడే బిల్లు.
ఒకే గడప మీద ఎగుమతీ దిగుమతీ అయ్యి
తవిటయ్యనై మిగిలాను.

కిందటేడు శ్రావణంలో ఒకతనొచ్చాడు, పోలాకి వైపు నుంచి.
చేపల చెరువు కాపలా. బిల్లు మీద పేరు దాలినాయుడు.
భార్యకి ఇంకా నెలలు నిండలేదన్నాడు.
నీలం బండి కొన్నాడు. పెట్టె విప్పొద్దన్నాడు,
విప్పే సంబరం ఇంట్లో ఉందన్నాడు.

ఇరవై రోజులకి పెట్టె తిరిగొచ్చింది.
టేపు ఊడలేదు.
ఎందుకని షావుకారు అడగలేదు,
దుడ్డు మొత్తం లెక్కపెట్టి ఇచ్చాడు,
పుస్తకంలో "వాపసు" అని రాసి
కాసేపు కలం మూత కోసం వెతికాడు.
మూత చేతిలోనే ఉంది.
నేను పెట్టెని అటకెక్కించాను, అన్నిటికంటే వెనక్కి.
నీలం అడిగినవాళ్లకి అయిపోయిందన్నాను.
పద్నాలుగు నెలలు అబద్ధమాడాను.

నిన్న మళ్లీ వచ్చాడు.
వెనక భార్య, ఆమె సంకలో తువ్వాలు మూట,
మూటలోంచి బయటికి ఒక అరికాలు.
"ఆ నీలంది..." అని ఆగిపోయాడు.

నిచ్చెన వేశాను. దుమ్ము దులిపాను.
పదకొండు మరలు. పన్నెండోది నాది.
రేటు పెరిగి ఏడు వేలయింది. షావుకారు పాత ధరే వేశాడు.
ఈసారి నేనడగలేదు.

"నీ పేరేటి బావూ?" అందామె, బిగించడం చూస్తూ.
చెప్పాను.
మొగుడూ పెళ్లాం మొహమొహాలు చూసుకున్నారు.
ఈ జిల్లావాళ్లే. ఆ పేరు విడమరిచి చెప్పక్కర్లేదు.
"మావోడు పెంటయ్య" అంది, తువ్వాలు సర్దుతూ.
"బళ్లో ఏసినప్పుడు మంచిది రాయిస్తాం."
"తొందరేటమ్మా" అన్నాను.

సందంతా కాలవ కోసం తవ్వేశారు.
మూడు రేవులు చూసిన చక్రాలకి
ఏడు రోడ్లలో ఒక్కటీ దొరకలేదు.
బండి మడిచి అతను నెత్తికెత్తుకున్నాడు,
బిడ్డ ఆమె సంకలోనే,
గోతుల మీది చెక్క దాటి బస్టాండు వైపు వెళ్లారు.

ఎడమ వెనక చక్రం కొంచెం వదులుంది.
ఇంకో చుట్టు బిగించాల్సింది.